నల్ల డబ్బా మూత తీసిన మనిషి

మొన్న నా జిరాక్స్ యంత్రంలో కాగితాన్ని లోపలికి లాగే రబ్బరు చక్రం అరిగిపోయింది. పెనుకొండలో అది దొరకదు. ఎప్పటిలాగే అరిగిన చక్రాన్ని జేబులో వేసుకుని హిందూపురం బస్సెక్కాను. మార్కెట్ వెనక సందులో, ఎప్పుడూ నా యంత్రం బాగుచేసే మెకానిక్ రిపేరు అంగడి ఉన్న చోట ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో సినిమా హీరో. పక్కనున్న టైలర్‌ని అడిగాను.

"ఆయప్ప పోయినాడు కదప్పా. రెండు నెలలాయె. నీకు తెలీదా?"

తెలియదు. ఆయన నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది. టైలర్ కత్తెర ఆపకుండానే అన్నాడు: "నిలబడే పోయినాడు. ఎప్పుడన్నా కూర్చోని ఉండింటే ఇంగా నాలుగేండ్లు ఉండునేమో."

పన్నెండేళ్ళ పరిచయంలో ఆయన తన అంగడిలో కూర్చోగా నేనూ చూడలేదు. అక్కడ ఒక స్టూలు ఉండేది. దాని మీద ఎప్పుడూ ఎవరిదో టీవీ ఉండేది. ఆయన మాత్రం ఈ గోడ నుంచి ఆ గోడకు మూడడుగులు, మళ్ళీ ఇటు మూడడుగులు. ఆయనతో ఏదైనా చెప్పుకోవాలంటే మనం తల అటూ ఇటూ తిప్పుతూ చెప్పుకోవాలి. చెవి మీద స్క్రూడ్రైవరు. చేతికి ఏది అందితే దాన్ని తిప్పేవాడు, బిగించేవాడు, వదులు చేసేవాడు. ఒకసారి మాటల్లో పడి నా కళ్ళద్దాల మర బిగించాడు. అద్దాలు అప్పుడు నా ముఖం మీదే ఉన్నాయి. "కదలొద్దప్పా" అని నన్నే గదమాయించాడు.

ఎవరు ఏ సామాను తెచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. తర్వాత వెనక మూత తీసి వాసన చూసేవాడు. కరెంటు పెట్టడం ఆ తర్వాతే. లోపలి దుమ్మును బట్టి ఊరు చెప్పేవాడు. ధర్మవరం రేడియోల్లో పట్టు నూగు ఉంటుందట. హిందూపురం మార్కెట్ వీధి సామానుకు చింతపండు జిగురు పట్టుకుని ఉంటుందట. ఒకసారి చెన్నేకొత్తపల్లి నుంచి ఒకతను టేప్ రికార్డరు తెచ్చి, ఇది మా ఇంట్లోదేనన్నాడు. ఈయన మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "నువ్వు చెన్నేకొత్తపల్లోడివే. ఇది మాత్రం ధర్మవరంది. ఎవరి దగ్గర ఎత్తుకొస్తివప్పా?" అన్నాడు. అతను నాలుక్కరుచుకుని, "మా బామ్మర్దిదన్నా. వాడొస్తే చెప్పొద్దు" అన్నాడు.

"మూత తియ్యకుండా పేరు పెట్టొద్దు." ఆయన నోట ఎక్కువసార్లు విన్న మాట ఇదే. పిక్చర్ ట్యూబు పోయిందన్నా అంటూ ఎవరైనా టీవీ తెస్తే కోపం వచ్చేది. "పేరు నువ్వే పెట్టుకోని వస్తే నన్నేమిటికి పిలిచేది? బిడ్డను ఎత్తుకునేదానికా?"

నాది దానికి ఎదురు స్వభావం. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా పెనుకొండ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, నాకు నేను చెప్పుకున్న చదువు. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడే నేర్చుకున్నాను. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను. ఏ వస్తువు కనబడినా దాని గురించి ఏదో ఒక పుస్తకంలో చదివే ఉంటానని నా ధీమా. యంత్రం బాగయ్యేదాకా ఆయన మూడడుగుల మధ్య నిలబడి వాదించేవాణ్ణి. ఆయన వినేవాడు, మధ్యమధ్యలో నవ్వేవాడు. "నువ్వు తిప్పినన్ని పేజీలు నేను స్క్రూలు తిప్పినాలేప్పా" అనేవాడు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నా అంగడికి ఒక పెద్దామె వచ్చింది. ఊరు ధర్మవరం. వాళ్ళక్క మా వీధిలోనే ఉంటుంది. రేషన్ కార్డు జిరాక్స్ తీయించుకుని, డబ్బులిచ్చాక కూడా కదలకుండా నిలబడింది.

"నువ్వు అన్నీ చదువుతావంట గదా నాయనా. మా యక్క చెప్పె."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆమె సంచిలో నుంచి గుడ్డలో చుట్టిన వస్తువును తీసి బల్ల మీద పెట్టింది. అరచేతిలో పట్టేంత నల్ల ప్లాస్టిక్ డబ్బా. పైన గుండ్రటి చక్రం, తిప్పితే తిరుగుతుంది. పక్కన ఎర్ర బటన్, నొక్కితే దిగదు. వెనక మూరెడు వైరు, కొస తెగిపోయింది. పేరు గానీ ఊరు గానీ ఎక్కడా రాసి లేదు. మూత అతుకు వెంబడి ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది.

"ఇది యాడ చేసిందో చెప్తావా?"

ఆ ఆకారం నేను చూశాను! గ్రంథాలయంలో బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది, ఎలక్ట్రానిక్ సామాను ఎలా పుట్టుకొచ్చిందో చెప్పేది. ఆమెను కూర్చోబెట్టి పరుగెత్తాను. పుస్తకం తెచ్చి ఫోటో చూపించాను. అదే నలుపు, అదే చక్రం.

"టీవీ ఆట ఆడే డబ్బా అమ్మా ఇది. టీవీకి ఒక యంత్రం తగిలిస్తారు. ఆ యంత్రానికి దీన్ని గుచ్చి ఈ చక్రం తిప్పితే, తెర మీద ఒక గీత పైకీ కిందికీ పోతుంది. బంతి వచ్చి ఆ గీతకు తగలాలి. ఇట్లాంటివి ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. ఇది అమెరికాలో చేసింది."

"బెంగళూర్లో చేసింది కాదా?"

"కాదమ్మా. ఫోటో చూడు."

"బాగా తెలుసునా నీకు?"

"పుస్తకంలోనే ఉంది గదమ్మా."

ఆమె డబ్బాను మళ్ళీ గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది. రేషన్ కార్డు యంత్రంలోనే మరిచిపోయింది. వెనకే పరుగెత్తి చేతికిచ్చాను. అప్పుడైనా ఆ ముఖం చూసి ఒక మాట అడిగి ఉండాల్సింది. ఎవరికీ తెలియని వస్తువును కనిపెట్టిన సంతోషంలో ఉన్నాను నేను.

ఆ వారమే హిందూపురం పోయి ఈ విజయాన్ని ఆయనకు వర్ణించాను. ఆయన నడుస్తూ విన్నాడు.

"మూత తీసినావా?"

"అవసరం రాలేదన్నా. ఫోటోలో అచ్చం అదే."

"ఆ యమ్మ బెంగళూరు మాట ఏమిటికెత్తింది?"

"అడగలేదు."

ఆయన రెండో అడుగులోనే ఆగిపోయాడు. గోడ దాకా పోకుండా ఆగడం అదే మొదటిసారి చూశాను.

"ఇది ఏమిటికి పనికొస్తాదని అడగలే, యాడ చేసింది అని అడిగె. దాంట్లో ఏందో ఉండాది. ఇల్లు తెలుసునా?"

"వాళ్ళక్కను అడిగితే తెలుస్తుంది."

"రేపు పోదాం."

"ఎండలన్నా. వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారానికి ఆ యమ్మ దాన్ని పారేస్తే? నువ్వు చెప్పినావు. తప్పయితే నువ్వే పోయి తిప్పి చెప్పల్ల. నేను తోడొస్తా, భయపడొద్దు."

మర్నాడు ఆయన హిందూపురంలో రైలెక్కాడు, నేను పెనుకొండలో. పెట్టెలో సగం సీట్లు ఖాళీ. ఆయన మాత్రం తలుపు దగ్గర నిలబడి, దాని గడియ ఎందుకు సరిగ్గా పడటం లేదో ధర్మవరం దాకా పరీక్షించాడు.

ఆమె ఇల్లు ఒకటే గది. మగ్గం ఎప్పుడో తీసేశారు, నేతగాడు కాళ్ళు పెట్టుకునే గుంత మాత్రం నేలలో మిగిలింది. ఆమె ఇప్పుడు నేయదు. మగ్గాలున్న ఇళ్ళకు పోయి పడుగులు అతుకుతుంది. ఒక చీరల పడుగు అయిపోయినప్పుడు, కొత్త పడుగు దారాల కొసలను పాత కొసలతో ఒక్కొక్కటిగా వేళ్ళ మధ్య పురి పెట్టి కలపాలి. అవి వేలల్లో ఉంటాయి. నన్ను చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది.

"మళ్ళా ఏమొచ్చినావు నాయనా?"

"ఆ డబ్బా ఒకసారి చూడాలమ్మా. ఈ అన్న మెకానిక్కు."

"పారేసినా. తలుపు యనకాల గోతంలో ఉండాది. బేస్తవారం పాత సామాన్ల గుజిరీకి ఏసేస్తా."

ఆయన అప్పటికే గోతంలో చెయ్యి పెట్టేశాడు. పగిలిన బకెట్టు కింద నుంచి డబ్బాను బయటికి తీసి, చొక్కాకు తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"ఈ ఎర్రగా ఉండేదేందమ్మా?"

"కుంకుమ. మగ్గం పక్కన గూట్లో ఉంటాండె. ఆయుధపూజకు గూట్లో ఉండేటివాటికంతా పెడతాం గదా, నేసే నాడెతో పాటు దానికీ పెట్టేది. మా ఇంటాయప్ప దాన్ని ఆడ పెట్టిన కాడినుంచీ ప్రతి ఏడూ పెట్టినా. ఇంగ పెట్టను."

అప్పుడు చెప్పింది. ఆమె మాటలు ఒకచోట మొదలై ఇంకోచోటికి పోతూ వచ్చాయి గానీ, విషయం ఇది. పెళ్ళైన మరుసటి ఏడు ఆమె భర్త మగ్గం వదిలి బెంగళూరు పోయాడు. అక్కడ ఒక చిన్న షెడ్డులో టీవీ ఆటల యంత్రాలు చేస్తున్నామని చెప్పేవాడు. అప్పటికి ఆ వీధిలో ఒక్క టీవీ లేదు. టీవీలో ఆటలు చేస్తాడంట అని వీధంతా నవ్వింది. మూడేళ్ళకు ఆ షెడ్డు మూతపడిందని, ఈ డబ్బా ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని చుట్టాలు తేల్చేశారు. ఆమె కూడా నమ్మింది.

"కొట్లాట వచ్చినప్పుడల్లా అదే అంటాంటి. 'ఈ గుండు తిప్పేదానికా మూడేండ్లు ఉంటివి? యాడ కొన్నావు దీన్ని, ఎవతి ఇచ్చె?' అని. 'నేనే చేస్తి' అనేవాడు. అంతే, ఇంగ మాట్లాడేవాడు కాదు. పోయి ఏడాదాయె. ఉన్నప్పుడు కనుక్కోవాలని తోచలే. పోయినాక కనుక్కోకుండా ఉండలేకపోతి. దానికే ఈయప్ప దగ్గరికి పోతి." నా వైపు చూసింది. "అమెరికాది అనె. అంటే యాడనో కొన్నాడు. సచ్చేదాకా నాకు అబద్ధమే చెప్పినాడు."

ఆయన నన్ను తిట్టలేదు. చుట్టూ చూసి, ఎక్కడా చోటు లేక, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కూర్చోవడం చూశాను.

కుంకుమ ఎన్నో ఏళ్ళుగా నూనెతో కలిసి రాయిలా అయిపోయింది. స్క్రూల గుంతలు కూడా పూడిపోయాయి. ఆయన సూది అడిగి తీసుకుని, కొంచెం కొంచెంగా గీకాడు. గీకుతూ నాకు చెప్పాడు, నిజానికి ఆమెకే చెప్పాడు: "చూడప్పా, కుంకుమ ఒకదాని మీద ఒకటి యాడా పగలకుండా ఉండాది. అంటే ఇంటికొచ్చినాక దీన్ని ఎవరూ ఇప్పలే. లోపల ఏముంటే అది బెంగళూరు నుంచి వచ్చిందే."

మూత వచ్చింది. వాసన చూశాడు. ఏ ఊరో చెప్పలేదు. చక్రం కింద ఉన్న భాగాన్ని వేలితో తట్టాడు.

"ఇది మన రేడియోల్లో ఏసే వాల్యూం కంట్రోలు. ఇట్లాంటివి నా చేత్తో ఎన్ని మార్చినానో లెక్కలే. అమెరికావోళ్ళు దీన్ని ఈడికొచ్చి కొనుక్కొని పోయి ఎయ్యరు. పైన డబ్బా ఆ ఫోటోలోదాన్ని చూసి అట్లే అచ్చు పోసినారు. లోపలంతా మనదే."

నాకు ఆశ పుట్టింది. "అయితే బెంగళూరిదేనా అన్నా?"

"బెంగళూరో మద్రాసో. ఆయప్పే చేసినాడా, అంగట్లో కొన్నాడా? అది వాల్యూం కంట్రోలు చెప్పదు." డబ్బాను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. ఆయన మోకాళ్ళు గుంతలో ఊగుతూనే ఉన్నాయి. తర్వాత తెరిచిన డబ్బాను అలాగే ఆమె ముందుకు చాచాడు.

"అమ్మా, ఈ వైర్లకు ఏందో దారం కట్టినారు. అందరూ టేపు చుడతారు. ఇట్లా కట్టేది నేను యాడా చూడలే. ఇది నా పని కాదు, మీ పని మాదిరి ఉండాది. నువ్వే చూడు."

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. లోపల నాలుగు వైర్లు. ఒక్కోదాన్నీ పసుపు పచ్చ పట్టుదారంతో చుట్టి, కొసలను ముడి వేయకుండా పురి పెట్టి కలిపారు. ఆమె గోటితో ఒక కొసను లేపింది, వేళ్ళ మధ్య ఒకసారి తిప్పింది. అటు తిప్పితే విడిపోలేదు. ఇటు తిప్పితే విడిపోయింది.

"ఇది అతుకు" అంది. "ఎడమ పురి."

"అంటే?"

"అందరమూ కుడి పక్కకు తిప్పుతాం. మా అత్తది ఎడమ చెయ్యి. ఆ యమ్మ ఎడమకు తిప్పేది. ఆమె అతికిన పడుగు ఏదో ధర్మవరంలో ఎవరైనా చెప్తాండ్రి. ఆయప్పకు ఆమే నేర్పిచ్చె. ఆ ఇద్దరే, ఇంగెవరూ లేరు."

ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "ఒక్క నిమిషమమ్మా. తొందరపడొద్దు." డబ్బాను తీసుకుని, సోల్డరింగ్ పెట్టిన చోట కన్ను ఆనించి చూశాడు. కొన్నదాన్ని విప్పి ఎవరైనా రిపేరు చేసి ఉండొచ్చు కదా, ఆయన అనుమానం అది. "దారం కట్టినాకే సోల్డరింగ్ పెట్టినాడు. పేస్టు కరిగి దారం మీద పారింది చూడు. ఒకటే సోల్డరింగ్, ఒకటే చెయ్యి. రిపేరు కాదు." నా వైపు తిరిగాడు. "చెప్పప్పా."

"అమ్మా, నేను లోపల చూడకుండా చెప్పినాను. తప్పు నాది. ఇది మీ ఇంటాయన చేసిందే. ఆయన నిజమే చెప్పినాడు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, దాంతోనే పోట్లాడుతున్నట్టు అంది: "ఒక్క దినమన్నా మూత ఇప్పి నా ముందర పెట్టకపాయెనే! చూసింటే నాకు తెలిసిపోవును గదా. మొండి మనిషి. నన్ను దొంగను చేసి పోయె."

మేమిద్దరం నేల చూశాం.

"ఇంగ మీరు పోండి నాయనా."

తిరుగు రైల్లో ఆయన తలుపు దగ్గర కూడా నిలబడలేదు. పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. నాగసముద్రం దాటాక నా ముందుకొచ్చి ఆగాడు.

"ఆ యమ్మకు మనం మంచి చేసినామా, చెడ్డ చేసినామా?"

"నిజం తెలిసింది గదన్నా."

"అది నేనడగలే" అని మళ్ళీ నడిచాడు.

తర్వాత నేను అంగడికి ఎప్పుడు పోయినా యంత్రం సంగతి కన్నా ముందు, "ఆ యమ్మ ఎట్లుండాదంట?" అని అడిగేవాడు. వాళ్ళక్క చెప్పిన మాటే చెప్పేవాణ్ణి, బాగుందట అని. ఆ జవాబు ఆయనకు చాలేది కాదు. నా చేతిలోంచి ఏదో ఒకటి లాక్కుని, బిగించడం మొదలుపెట్టేవాడు.

టైలర్ చెప్పిన మాట విన్నాక నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆమెకు చెప్పాలనిపించింది. స్టేషన్‌కు పోయి ధర్మవరం టికెట్ తీసుకున్నాను. పెనుకొండ వచ్చింది, దిగలేదు.

ఆమె వాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక ఇంట్లో పడుగు అతుకుతోంది. వేళ్ళకు బూడిద అద్దుకుని, కొస మీద కొస పెడుతోంది. ఆయన పోయాడని చెప్పాను. చేతిలోని రెండు కొసలూ వదలకుండా అలాగే ఆగింది.

"అయ్యో. ఆ యన్న రెండుసార్లు వచ్చిపోయె గదా."

నాకది తెలియదు. "ఎందుకొచ్చినాడు?"

"ఏమో. 'బాగుండావామ్మా?' అనె. 'బాగుండాన్నా' అంటి. కూర్చోమంటే కూర్చోలే. వాకిట్లో కొంచేపు తిరుగులాడె, ఫ్యాను రెక్కలు బిగిచ్చె, పోయె. రెండోసారీ అంతే. ఏందో అడగాలని వచ్చినట్లుండె. అడగలే."

రైల్లో ఆయన నన్ను అడిగింది చెప్పాను. ఆమె ఇంకో పది పన్నెండు కొసలు అతికింది.

"మంచో చెడ్డో నాకేం తెలుసు నాయనా. ముందర ఆయప్ప మీద కోపంతో పండుకుంటాంటి. నిద్ర వచ్చేది కాదు. ఇప్పుడు నేనన్న మాటలు తలుచుకోని పండుకుంటాండా. ఏడుపొస్తాది. ఏడ్సినాక నిద్రొస్తాది. అడిగింటే ఇదే చెప్తాంటి. ఆ యన్నకు నోరు లేకపాయెనా?"

మర్నాడు హిందూపురంలో ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్యను అంతకు ముందు ఒకటి రెండుసార్లే చూశాను. వచ్చిన పని చెప్పడానికి నాకు సిగ్గేసింది, అయినా మొత్తం చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"ధర్మవరం పోయినాడా? వాళ్ళ చెల్లెలింటికని చెప్పె నాకు." తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. "రెండుసార్లు పోయి అడగకుండా వచ్చినాడా? పులుసులో ఉప్పు ఎక్కువైతే, ఈ ఉప్పు యాడ కొంటివి, ఎవరిచ్చిరి, ఎప్పుడిచ్చిరి అని నన్ను నమిలేస్తాండె. అట్లాంటి మనిషికి ఆడ నోరు పెగల్లేదా!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది. నాకు నీళ్ళ చెంబు అందించింది.

"ఇంగొకసారి చెప్పు నాయనా. ఆ యమ్మ ఏమనె? నిద్ర వస్తాందంటనా?"

"వస్తాందంటమ్మా" అన్నాను. ఆమె లోపల దండ వేసిన ఆయన ఫోటో వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది. నేను నిలబడే ఉండి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.